మాఘమాసపు సంపాదన

ఈ కథ అబద్ధమనే మొనగాడు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి! కోర్టు వరండాలో ముప్పై ఏళ్లు పేర్లు పిలిచిన బంట్రోతు గొంతు ఇది. నేను ఒక్క కేక వేస్తే గోదావరి అవతల సఖినేటిపల్లిలో టీ తాగుతున్న ముద్దాయి కూడా గ్లాసు వదిలేసి పడవెక్కేవాడు. జడ్జీలు మారారు గానీ నా గొంతు మారలేదు. అలాంటి గొంతు ఒకే ఒక్కసారి తగ్గింది. ఎందుకో వినండి.

నరసాపురంలో గంటా సత్యానందం అనే పెళ్లి బ్యాండు వాద్యగాడు ఉండేవాడు. ట్రంపెట్ ఎంత బాగా ఊదేవాడో, గొప్పలకూ అంతగా పోయేవాడు. ఆ గొప్పలతో వేగలేక భార్య శాంతకుమారి నాలుగేళ్ల కూతురు దీవెనను తీసుకుని తమ్ముడు మోషే ఇంటికి వెళ్లిపోయింది. లేసు అల్లితే వచ్చే డబ్బు పిల్ల పాలకు కూడా చాలేది కాదు. పిల్ల పోషణకు తండ్రి నెలకు ఎంత ఇవ్వాలో తేల్చమని ఆమె కోర్టుకు వచ్చింది.

"నీ సంపాదన ఎంత?" అని జడ్జి అమ్మగారు అడిగారు.

సత్యానందం నోరు తెరిచేలోపే వెనక బెంచీ నుంచి మోషే నవ్వాడు. "ఏముంటదండీ, పెళ్లిలో మిగిలిన పులిహోర పొట్లం! సిగ్గుపడకు బావా, చెప్పు."

సత్యానందం ఛాతీ ఉబ్బింది. "నెలకు పన్నెండు వేలండీ!" అన్నాడు.

అది మాఘమాసంలో వరసగా ఇరవై పెళ్లిళ్లు తగిలితే వచ్చిన డబ్బు. ఆషాఢంలో, మూఢంలో ఒక్క పెళ్లీ ఉండదని, ఆ నెలల్లో తాను టీ నీళ్లతో కడుపు నింపుకుంటానని అతడు చెప్పలేదు. మోషే ముందు చెప్పలేకపోయాడు.

"ఆలోచించి చెప్పు. ఏడాది పొడవునా అంతే వస్తుందా?" అని అమ్మగారు మళ్లీ అడిగారు.

"అంతేనండీ!" అని సంతకం పెట్టాడు. అందులో మూడోవంతు, నెలకు నాలుగు వేలు ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది.

మొదటి నెల అప్పు చేసి ఇచ్చాడు. రెండో నెల ట్రంపెట్ తాకట్టు పెట్టి ఇచ్చాడు. ట్రంపెట్ లేనివాణ్ని పెళ్లికి ఎవరు పిలుస్తారు? మూడో నెల నుంచి పైసా రాలేదు. వట్టి చేతులతో వెళ్లలేక ఆదివారాలు పిల్లను చూడడానికి పోవడం కూడా మానేశాడు. దీవెన మాత్రం ప్రతి ఆదివారం జడలు వేయించుకుని గుమ్మంలో కూర్చునేది. ఆ నాలుగు వేలను నమ్ముకుని తల్లి పిల్లను కాన్వెంటులో చేర్చింది. ఫీజు కట్టలేక మాన్పించింది.

బాకీ కేసు వాయిదా వచ్చింది. మూడు పిలుపులకు పలక్కపోతే వారెంటే. "గంటా సత్యానందం!" అని పిలిచాను. చెట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి. అతడు రాలేదు. రెండోసారి పిలిచాను. కోర్టు పెంకులు అదిరాయి. అయినా రాలేదు. అప్పుడు చూశాను. సైకిల్ స్టాండు వెనక మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. అది భయం కాదు, సిగ్గు. మూడోసారి కేక వేయలేదు. దగ్గరికి వెళ్లి మెల్లగా, "దీవెన నాన్నా, లోపల పిలుస్తున్నారు" అన్నాను.

అతడు లేచాడు. బోనెక్కి, మోషే వైపు చూడకుండా ఉన్నదంతా చెప్పేశాడు. "ఏడాదంతా కలిపితే ముప్పై ఆరు వేలండీ. ఆ రోజు చెప్పింది మాఘమాసం డబ్బండీ."

బ్యాండు మేస్త్రి వచ్చి అవునన్నాడు. అమ్మగారు మళ్లీ మొదటి నుంచి లెక్క వేశారు. ఏడాది సంపాదనను పన్నెండు నెలలకూ పంచితే నెలకు మూడు వేలు. అందులోంచి అతడి గది అద్దె, తిండి ముందు పక్కన పెట్టారు. "తండ్రి పస్తుంటే ఊదడానికి ఊపిరి ఉండదు. అతడు ఊదకపోతే పిల్ల కంచంలో మెతుకు ఉండదు" అన్నారు. తర్వాత పిల్లకు ఏమేం కావాలో అడిగారు. తల్లి లేసు డబ్బు కూడా లెక్కలోకి తీసుకున్నారు. చివరికి నెలకు వెయ్యి రూపాయలని తేల్చారు. పాత బాకీ చిన్న చిన్న వాయిదాల్లో తీర్చమన్నారు.

"నాలుగు వేలు కాస్తా వెయ్యి అయిపోయిందా? నువ్వేం మాట్లాడవేంటక్కా?" అన్నాడు మోషే.

శాంతకుమారి లేచింది. "ఆ నాలుగు వేలు రెండు నెలలు వచ్చి, తర్వాత కాగితం మీదే ఉండిపోయాయిరా. ఆ కాగితంతో నా బిడ్డకు ఒక్క పూట అన్నం పెట్టలేకపోయాను" అంది. అమ్మగారి వైపు తిరిగి, "ఈ వెయ్యి నెలనెలా వస్తే చాలండీ. ఆదివారం మనిషి కూడా రావాలండీ" అంది.

మోషే తల దించుకున్నాడు.

ట్రంపెట్ విడిపించుకునేదాకా సత్యానందం ఊరేగింపుల్లో లైట్లు మోశాడు. దారిలో తెలిసినవాళ్లు ఎదురైతే లైటు ఇంకాస్త పైకెత్తి పట్టుకునేవాడు, మొహం కనబడకుండా. అయినా ప్రతి నెలా అయిదో తారీఖున వెయ్యి కట్టాడు. ఒక్క నెల తప్పలేదు. ఒక్క ఆదివారమూ తప్పలేదు.

నేనూ గొప్పలు చెప్పేవాణ్నే, కాదనను. కానీ నా గొప్పలకు ఏ బిడ్డ కంచమూ ఖాళీ కాలేదు. బిడ్డను పోషించాల్సినవాడు తన సంపాదనను పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినప్పుడే లెక్క న్యాయంగా తేలుతుంది, బిడ్డకు ముద్ద అందుతుంది. ఈ నీతి నమ్మనివారు నరసాపురంలో పాలకొల్లు బస్సెక్కి కండక్టరమ్మను అడగండి. ఆమె పేరు గంటా దీవెన.