పాట ఆగేదాకా

"పదిమందీ మాట విని పనిచేస్తన్నప్పుడు, ఆ గొంతు ఎవరిదైతేనేం గురువుగారూ?" అని అడిగాడు ఎల్లాజీ. అతనికి ముప్ఫై ఏళ్లు దాటలేదు. గొంతు మాత్రం కాటికి కాళ్లు చాపినవాడిలా బొంగురుగా ఉంది.

అతను సముద్రపు ఒడ్డున ఒక పెద్ద పడవను నడిపించే సరంగు. మామగారు దానయ్య పోయాక ఆ పెద్దరికం అతనికి దక్కింది. చేపల వేట నుంచి వచ్చాక పడవను ఇసుక మీదికి లాగేటప్పుడు సరంగు పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్లు వంత పాడాలి. తాడు భుజాన వేసుకుని, సముద్రానికి వీపు పెట్టి లాగేవాళ్లు పాట ఆగేదాకా వెనక్కి తిరగకూడదన్నది దానయ్య పెట్టిన కట్టుబాటు. ఎల్లాజీ పొరుగూరి నుంచి వచ్చిన అల్లుడు. అతను పాడితే తాడు బిగిసేది కాదు, నవ్వులు మాత్రం వినబడేవి. ఒకరోజు ఉక్రోషం పట్టలేక అచ్చం మామగారిలా దగ్గి, ఆయన గొంతుతోనే పాట ఎత్తాడు. పడవ చులాగ్గా ఒడ్డెక్కింది. ఇక ఆ రోజు నుంచి సొంత గొంతు పక్కన పెట్టేశాడు.

"పని జరుగుతోంది కదా, ఇంక నీ ఇబ్బందేమిటి?" అన్నారు గురువుగారు.

"పనయ్యాక నాతో ఎవరూ ఓ మాటైనా మాట్లాడరండి. నేను వస్తే లేచి అవతలకి పోతన్నారు. నిన్న ఇంట్లో మంచినీళ్లడిగితే, మా ఆవిడ పైడమ్మ వంటింట్లోంచి 'తెస్తన్నాను నాన్నా' అంది. అనేసి తనే ఏడ్చింది."

గురువుగారు మాటల్లో మహా పిసినారి. మర్నాడు పొద్దున పడవ తిరిగొచ్చే వేళకు శిష్యుణ్ణైన నన్ను వెంటబెట్టుకుని ఒడ్డుకు బయల్దేరారు.

మంచు దట్టంగా పట్టి ఉంది. మనుషులు తాడు భుజాన వేసుకుని ముందుకు వంగారు. ఎల్లాజీ పడవ పక్కన నిలబడి, దగ్గి, పాట ఎత్తాడు. పడవ కదిలింది. దాని ముందు దుంగలు పరుస్తున్న సింహాద్రి అనేవాడు తడి ఇసుకలో జారిపడ్డాడు. కాలు దుంగ కింద ఇరుక్కుంది. పడవ అతని మీదికి వస్తోంది.

ఎల్లాజీ పాట ఆపేసి, "ఆగండి, ఆగండి" అని కేక పెట్టాడు. అది పడుచువాడి గొంతు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే పాట ఆగలేదు.

అది పడవ వెనక నుంచి, నీళ్ల వైపు నుంచి వస్తోంది. అదే బొంగురు, చరణానికీ చరణానికీ మధ్య అదే దగ్గు. అక్కడ మనిషనేవాడు లేడు. లాగేవాళ్లు తలలు వంచుకుని వంత పాడుతూనే ఉన్నారు.

ఎల్లాజీ ఒక్క పరుగున తాడు ముందుకు వెళ్లి, మొదట ఉన్నవాడి మొహం రెండు చేతులా పట్టుకున్నాడు. "చిన్నారావూ, నేను ఎల్లాజీనిరా. ఆ పాడేది నేను కాదు. సింహాద్రి పడవ ముందు పడిపోయాడు. నాకు భయమేస్తందిరా, తాడు వదులు."

చిన్నారావు అతని కళ్లలోకి చూశాడు. తాడు వదిలేశాడు. ఒకరి వెనక ఒకరు అందరూ వదిలేశారు. పడవ సింహాద్రి మోకాలికి జానెడు దూరంలో ఆగింది. మంచులో పాట ఇంకొక చరణం సాగి, వంత పాడేవాళ్లు లేక అణగిపోయింది.

సింహాద్రిని బయటికి లాగాక, ఎల్లాజీ ఇసుకలో కూలబడి వణికిపోయాడు. చిన్నారావు పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "ఊరుకో బావా, ఏం కాలేదు" అన్నాడు.

కాస్త తేరుకున్నాక ఎల్లాజీ గురువుగారి దగ్గరికి వచ్చాడు. "అక్కడ పాడింది ఎవరండీ?"

గురువుగారు నీళ్ల వైపు తల తిప్పనైనా లేదు.

"ఎవరో నాకేం తెలుసు నాయనా. నీ గొంతు మాత్రం ఇవాళే విన్నాను."