తలపాగా పాఠం

మల్లెకొండ రాజు వీరభూపతికి ఆ ఉదయం నిండుకొలువులో తలవంపులైంది. కూతురు రత్నాంబను ఋతువుల పేర్లు అడిగితే పిల్ల నోరు మెదపలేదు.

"నా తప్పేం లేదు ప్రభూ," అన్నాడు ఆమె గురువు శేషావధాని. "గొంతు పోయేలా చెప్పాను. అమ్మాయిగారి బుర్ర జల్లెడ. చదువు మాన్పించి పూలు కట్టుకోమనండి."

రత్నాంబకు కళ్లనీళ్లు తిరిగాయి. చదువంటే ఆ పిల్లకు ప్రాణం. అవధానేమో ప్రశ్న వేసి, ఆమె ఊపిరి పీల్చేలోపు జవాబూ తనే చెప్పేసే రకం. ఆ సంగతి అందరికీ తెలుసు, పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

"సరే, రేపటి నుంచి పాఠాలొద్దు," అన్నాడు రాజు.

హాస్యానికి పేరుపడ్డ బొల్లన లేచాడు. "చిత్తం. ఈ పూట మాత్రం తమ తలపాగా అవధానిగారు చుడితే చూడాలని ఉంది ప్రభూ."

రాజుకు సభలోనే పాగా చుట్టడం అక్కడి ఆచారం. ఆ సేపంతా అవధాని ఎదురుగా నిలబడి ఆశీర్వచనం చదువుతాడు.

"అదెంత పని? ఏళ్లుగా చూస్తున్నదేగా," అన్నాడు అవధాని మీసం దువ్వుతూ.

మొదటి చుట్టు రాజుగారి చెవుల మీదికొచ్చింది. రెండోది ముక్కును మూసేసింది.

"ఊపిరాడటం లేదయ్యా," అన్నాడు రాజు గుడ్డలోంచి.

"ఇన్నేళ్లు చూసినా రాలేదంటే, తమ బుర్ర కూడా..." అని ఆగాడు బొల్లన.

అవధానికి ఒళ్లు మండింది. "నా బుర్రకేం? చూడటం వేరు, చుట్టడం వేరు. ఒక్కనాడైనా నన్ను చుట్టనిచ్చారా?"

"అమ్మాయిగారి మనవీ అదే స్వామీ. ఒక్కనాడైనా ఆమెను చెప్పనిచ్చారా?"

సభ గొల్లుమంది. రాజు పాగా లాగేసుకుని, "ఇప్పుడే అడగండి, చూద్దాం," అన్నాడు.

"శరత్తుకు ముందు ఏ ఋతువు?" అని అడిగి, అవధాని అలవాటుగా జవాబు చెప్పబోతూ మళ్లీ నోరు తెరిచాడు. బొల్లన అందులో నిండు తాంబూలం కుక్కాడు.

అందరూ ఆగారు. రత్నాంబ కాసేపు కళ్లు మూసుకుంది.

"హేమంతం... కాదు కాదు. వానలు వెలిశాకే కదా శరత్తు వెన్నెల. వర్ష ఋతువు."

అవధాని బుగ్గ నిండా తమలపాకుతో తల ఊపక తప్పలేదు.

రాజు పగలబడి నవ్వుతూ ముత్యాలహారం తీసి బొల్లన మెడలో వేశాడు. "పాఠాలు సాగుతాయి. రోజూ పాఠం దగ్గర తాంబూలం చుట్టే ఉద్యోగం మాత్రం నీదే."