కోడిపెట్ట కొట్టిన వన్స్ మోర్

ముందూ వెనకా కాస్త తారుమారైతే సర్దుకోండి. వరస మరిచానేమో గానీ కథ మరవలేదు.

కోతలయ్యాక కళ్లంలో జంతువులు ఏటా నాటకం వేసేవి. నాటక సమాజానికి పెద్ద ముసలెద్దు దొడ్డయ్య. కాపలా కుక్క వీరన్న. ఆ ఏడు సువ్వి అనే కోడిపెట్టకు నాటకాల పిచ్చి పట్టింది. బతికితే వేషం కట్టుకునే బతకాలని దాని పంతం.

వేషం అడగడానికి బయలుదేరితే దారిలో నక్క గంగులు ఎదురయ్యాడు.

"ఎక్కడికమ్మాయ్, ఇంత ముస్తాబై?"

"దొడ్డయ్య తాతని వేషం అడగడానికి, బాబాయ్."

"పిచ్చిదానా! ఆయనది పేరుకు పెద్దరికం. వేషాలు పంచేది నేను. అబ్బో, ఆ కళ్లు చూడు! ఈసారి రాణివి నువ్వే."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సువ్వి అప్పుడే లేని కిరీటం సర్దుకుంది.

"మరి పరీక్ష పెట్టరా?"

"పెడతా. జొన్నచేలోకి రా. అందరిముందూ అయితే సిగ్గుపడతావు."

చేను మధ్యకు వెళ్లాక గంగులు చెప్పాడు: "రాజు చచ్చిపోతాడు. రాణి కళ్లు మూసుకుని, మెడ చాచి, నామీద వాలి ఏడవాలి. నేను చెప్పేదాకా కళ్లు తెరవకూడదు."

సువ్వి మెడ చాచబోయి కిందికి చూసింది. జొన్నమొదళ్ల దగ్గర ఈకలు. అందులో ఎర్రచుక్కలవి తన పెద్దక్కవి. పరిగెత్తితే రెండు గంతుల్లో పట్టేస్తాడు. భయం దాచుకుని మొహం విప్పారించింది.

"గురువుగారూ, రాజు చావందే రాణికి ఏడుపెలా వస్తుంది? మీ చావు పద్యం ఒకసారి వినిపించండి. మీ గొంతు గురించి ఊరంతా చెప్పుకుంటారు."

"చెప్పుకుంటారా? ఏమని?"

"ఆ గొంతుకి ఓర్వలేకే దొడ్డయ్య తాత మీకు వేషం ఇవ్వట్లేదని."

"అదీ మాట!" అంటూ గంగులు పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీసి, గుండె పట్టుకుని, దబ్బున పడ్డాడు.

"వన్స్ మోర్!" అంది సువ్వి రెక్కలు టపటపలాడించి.

వన్స్ మోర్ పడితే మన స్టేజీ మీద చచ్చినవాడైనా లేచి పాడాల్సిందే. గంగులు లేచాడు. రాగం రెట్టింపు చేసి మళ్లీ చచ్చాడు.

"వన్స్ మోర్! వెనక వరసకి వినపడలేదు!"

"వెనక వరసలో ఎవరే?"

"జొన్నకంకులు, గురువుగారూ. ఎలా ఊగిపోతున్నాయో చూడండి!"

ఈసారి మోర ఆకాశానికెత్తి ఊళ వేశాడు. కళ్లం దాకా వినపడింది. ఘనంగా చచ్చి, కళ్లు మూసుకుని, చప్పట్ల కోసం చెవులు రిక్కించాడు.

"వన్స్ మోర్!"

గొంతు కోడిది కాదు. కళ్లు తెరిస్తే ఎదురుగా వీరన్న, పక్కన ఇద్దరు తమ్ముళ్లు. గంగులు సగం తోక అక్కడే వదిలి పొలిమేర దాటాడు.

కళ్లంలో దొడ్డయ్య అడిగాడు: "ఇంతకుముందు ఏం వేషాలు వేశావమ్మా?"

"ఒక్కటే తాతా. ఇందాకే, భయం లేనిదాని వేషం."

ముసలెద్దు నెమరు ఆపి తలూపాడు. "అయితే రేపటినుంచి రా."

"రాణి వేషమా?"

"చెలికత్తె. రెండే మాటలు. తెర కూడా నువ్వే లాగాలి."

"కళ్లు తెరుచుకునేనా?"

"తెరుచుకునే. అందరిముందూ."

నీతి: చాటుకు పిలిచి రాణిని చేస్తానన్నవాడికన్నా, నలుగురిలో చెలికత్తెని చేసినవాడే గురువు.

హైమా, నేను చెప్తుంటే నువ్వు రాసుకున్నదాంట్లో ఎద్దు దొడ్డయ్యేనా, కుక్క వీరన్నేనా, పేర్లు ఓసారి చూసిపెట్టవే. నక్క పేరు తప్పినా ఫరవాలేదు. కోడి పేరు మాత్రం రెండుసార్లు చూడు. గోడపత్రిక మీదికి ఎక్కాల్సిన పేరు.