పసిమొగ్గల బుట్ట

కోశాధికారి వీరభట్టు మగ్గం పన్ను రెట్టింపు చేశాడు. కట్టలేని నేతగాళ్లు మగ్గాలే అమ్మి కట్టారు. ఖజానా నిండిందని రాజుగారు అతనికి శాలువా కప్పారు.

కోటకు రోజూ మల్లెలు తెచ్చే గున్నమ్మ నేతగాడి భార్య. మర్నాడు ఒక బుట్టకు బదులు రెండు తెచ్చింది. రాజుగారు మెచ్చుకున్నారు. తర్వాత నాలుగు రోజులూ ఖాళీ బుట్టతోనే వచ్చింది.

“పూలేవీ?” అని రాజుగారి ఎదుటే గద్దించాడు వీరభట్టు.

“పసిమొగ్గలతో సహా ఆ రోజే కోసేశాను బాబయ్యా.”

“బుద్ధుందా? పసిమొగ్గలు కోసేస్తే రేపటికి పూలెక్కడివి?”

“మగ్గాలు అమ్మించి పన్ను రాబట్టినందుకు తమరికి శాలువా కప్పారు గదా, నాకూ కప్పుతారనుకున్నాను.”

గున్నమ్మ రాజుగారి వైపు తిరిగింది. “మల్లెతీగ మళ్లీ మొగ్గ తొడుగుతుంది మారాజా. మగ్గం అమ్ముకున్నవాడు వచ్చే ఏడు పన్నెలా కడతాడు?”

ఆ సాయంత్రమే పన్ను తగ్గింది. మగ్గాలన్నీ తిరిగి కొనిచ్చారు, మొదటిది వీరభట్టు శాలువా అమ్మిన డబ్బుతో.