కుంపటి లోపలికి తెచ్చిన ముంగిస

అనగనగా ఒక కొండ అడవి. పుష్యమాసం వచ్చిందంటే అక్కడ పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. ఆ కొండవాలులో ఒక బొరియ. అందులో గౌరు అనే ముంగిస, దాని ఇద్దరు పిల్లలు, ముసలి అత్త ఉండేవారు.

ఆ ఏడు చలి మరీ ముదిరింది. "ఎముకల్లోకి దిగిపోతోందే గౌరూ" అని అత్త మూలిగేది. గౌరు చూడలేకపోయింది. వాకిట్లో ఉన్న బొగ్గుల కుంపటిని తెచ్చి అత్త పక్కన పెట్టింది.

పక్క బొరియలో ఉండే ముసలి ముళ్లపంది అది చూసింది.

"అమ్మా గౌరూ, కుంపటి బయటే ఉండాలి. లోపల పెట్టకు" అంది.

"పొగ రావడం లేదు కదా మావయ్యా" అంది గౌరు.

"పొగ వస్తే దగ్గుకుంటూ బయటికి పరుగెత్తుతాం. బొగ్గుల్లోంచి వచ్చే విషగాలి కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. భయం దానితోనే."

గౌరు తల ఊపింది. కానీ అత్త వణుకు చూశాక కుంపటి తీయడానికి చేతులు రాలేదు.

మొదటిరోజు పిల్లలు తలనొప్పి అన్నారు. బయటికెళ్లి ఆడుకోగానే తగ్గిపోయింది. మంచు పట్టిందనుకుంది గౌరు.

రెండోరోజు చిన్నది కక్కుకుంది. గౌరుకూ కళ్లు తిరిగాయి. వాగు దాకా వెళ్లేసరికి తేలికపడింది. తిన్నది పడలేదేమో అనుకుంది.

మూడోరోజు పొద్దున్నే ఈదురుగాలి, జల్లు. గౌరు బొరియ పైకప్పులో గాలి ఆడే కన్నంలో ఎండుగడ్డి కుక్కింది. వాకిలికి రాయి అడ్డం పెట్టింది. లోపల వెచ్చబడింది.

"ఇప్పుడు హాయిగా ఉందే తల్లీ" అంది అత్త. అదే దాని ఆఖరి మాట.

మధ్యాహ్నానికి వాన వెలిసింది. పిల్లలు బయటికి రాలేదు. ముళ్లపంది మూడుసార్లు పిలిచింది. పలుకు లేదు. అది రాయిని నెట్టేసి, ఊపిరి బిగబట్టి లోపలికి దూరింది. పిల్లల్ని, గౌరును, అత్తను ఒక్కొక్కరినే బయటికి ఈడ్చుకొచ్చింది.

పిల్లలు కదిలారు. కాసేపటికి గౌరు కళ్లు తెరిచింది.

"అత్త ఏది మావయ్యా?"

ముళ్లపంది తల దించుకుంది. తడిగడ్డి మీద అత్త పడుకుని ఉంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి మాత్రం లేదు.

"చలికి తట్టుకోలేదని నేనే పెట్టాను" అంది గౌరు.

"ప్రేమతోనే పెట్టావు తల్లీ. బొగ్గులకు అది తెలియదు."

"కన్నం మూయకపోతే బతికేదా?"

"కన్నాన్ని నమ్ముకోకూడదమ్మా. కుంపటి అసలు లోపలికే రాకూడదు."

పిల్లలు తేరుకోవడానికి చాలా రోజులు పట్టింది. తేరుకున్నాక గౌరు బొరియ బొరియకూ వెళ్లింది. కుందేలు ఇంట్లో పిల్లల మధ్య కుంపటి కనిపించింది.

"చలికి ఆగలేకపోతున్నాం అక్కా" అంది కుందేలు.

"గడ్డి మందంగా పరుచు. పిల్లల్ని పొట్టకు హత్తుకో. నిప్పు దగ్గర తల నొచ్చి, బయటికి రాగానే తగ్గిందంటే మళ్లీ లోపలికి వెళ్లకు. నేను వెళ్లాను. మా అత్త పోయింది."

కుందేలు గౌరు ముఖంలోకి చూసింది. కుంపటి ఎత్తుకుని వాకిలి దాటింది.

నీతి: మూసిన ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టకూడదు, కనబడని ప్రమాదం గురించి తెలిసినవారు చెబితే ఆ క్షణమే వినాలి.