దొరగారి చూపుడువేలు

దొండవాక దొరగారు ఒక ఇనుపమనిషిని చేయించుకున్నారు. ఆయన వేలితో దేన్ని చూపిస్తే దాన్ని పట్టుకెళ్ళి దివాణం దొడ్లో గుంజకు కట్టేసి, ముందు ఇంత గడ్డి పడేస్తుంది. కుండలైనా అంతే, కోళ్ళైనా అంతే.

ఓనాడు ఆ వేలు నూకాలు పాడిగేదె మీద పడింది. అదొక్కటే ఆమెకు జీవనాధారం. లబోదిబోమంటూ దొడ్డిదాకా వెంటపడి, ఇనుపమనిషి కాళ్ళు పట్టుకుంది.

దొరగారు పకపకా నవ్వారు. "దానికి చెవుల్లేవే! నా చెయ్యి తప్ప ఇంకేమీ ఎరగదు."

నూకాలు కళ్ళు తుడుచుకుంది. "పోనీలెండి. ఇంత వింత చేయించిన మహానుభావుడెవరో చూపిస్తే, దండం పెట్టుకుని పోతాను."

దొరగారు మీసం దువ్వి, వేలు గుండెకు ఆనించి, "ఇంకెవరే, నేనే!" అన్నారు.

ఇనుపమనిషి ఆయన్ని చంకన పెట్టుకెళ్ళి, గేదె పక్కనే చేతులు రెండూ గుంజకు కట్టేసి, గడ్డి పడేసింది.

"ఒసే నూకాలూ, విప్పమని చెప్పవే!"

"దానికి చెవుల్లేవని తమరే సెలవిచ్చారు కదండీ!" అంటూ నూకాలు తన గేదెను విప్పుకుంది. పోతూ పోతూ గేదె వంతు గడ్డి కూడా దొరగారి ముందుకే జరిపింది.