మూడు పిస్టన్లూ, నాలుగంగుళాల కడ్డీ

ఈ కథను నాకు మా పెదనాన్నగారు చెప్పారు. ఆయనకు రాజహంస లాంచీని ఇరవై ఏళ్ళు నడిపిన సరంగు ఈరన్నగారు చెప్పారట. ఈరన్నగారు మాత్రం ఎవరి వద్దా వినలేదు. రేవు మెట్ల మీద నిలబడి అంతా కళ్ళారా చూశారు. నోటి నుండి నోటికి వచ్చిన కథకు కొంత రంగు అంటక తప్పదు. అయితే ఇందులోని కొలతలను మాత్రం మా ముగ్గురిలో ఎవరమూ మార్చలేదు.

అనగా అనగా, గోదావరి మీద వంతెనలకన్న లాంచీలు ఎక్కువగా ఉన్న రోజులలో, ఏటి ఒడ్డున ఒక సంస్థానం ఉండేది. ఏటి నడుమ గువ్వలంక అనే ఊరు ఉండేది. మూడు వందల గడప. ఆ ఊరికీ ఒడ్డుకూ నడుమ తిరిగే లాంచీ ఒక్కటే, రాజహంస.

ఉదయం దాని డుగుడుగు వినిపిస్తే లంకలో పొయ్యిలు వెలిగేవి. సాయంకాలం వినిపిస్తే సంతకు వెళ్ళినవారు వస్తున్నారని పిల్లలు గట్టుకు పరుగెత్తేవారు. ఎంత తీయని చప్పుడో అది! ఆ చప్పుడు ఎరిగిన చెవులు ఇప్పుడు బహు కొద్ది.

ఆ లాంచీ ఇంజనుకు వైద్యుడు నూకయ్య మేస్త్రీ. నలభై ఏళ్ళుగా ఆయన చేయి పడని మర అక్కడ లేదు. ఆయనకు ఒక నియమం ఉండేది. బజారు నుండి వచ్చిన ఏ భాగాన్నీ కొలవకుండా బిగించేవాడు కాడు. అందుకు ఆయన వద్ద గుర్రపు లాడం వంటి మైక్రోమీటరు ఒకటి ఉండేది. అంగుళాన్ని వేయి పాళ్ళు చేస్తే అందులో ఒక పాలును మేస్త్రీలు ‘థౌ’ అంటారు. ఆ పనిముట్టు థౌలను లెక్కపెట్టేది.

ఒక ఆషాఢమాసంలో రాజహంస పిస్టను పగిలింది. కంపెనీ పిస్టను ఓడ మీద రావాలంటే మూడు నెలలు పడుతుంది. ఎగువన వానలు మొదలయ్యాయి. వరద వచ్చేలోగా లాంచీ కదలకపోతే గువ్వలంక మనుషులను ఒడ్డుకు చేర్చే దారి లేదు.

దివాను నరసింగరావుగారు చాటింపు వేయించారు: “మా ఇంజనుకు సరిపోయే పిస్టను ఎవరు తెస్తే వారిదే ఇకపై సంస్థానం పని అంతా!”

మొదటి రోజున షావుకారు అయ్యన్న వచ్చాడు. ఆయన పిస్టను పట్టుగుడ్డలో చుట్టి ఉంది. పెట్టె మీద కొలత అచ్చువేసి ఉంది.

“పెట్టె మీద ఉండగా మళ్ళీ కొలవడమెందుకండీ మేస్త్రీగారూ? సరుకు చూడండి, అద్దంలా మెరుస్తోంది!” అన్నాడు అయ్యన్న.

“మెరుపు ముఖం చూసుకోవడానికండీ. ఇంజను ముఖం చూసుకోదు,” అంటూ నూకయ్య కొలిచాడు. ఇంజను వెంట వచ్చిన పుస్తకంలోని కొలతకన్న తొమ్మిది థౌలు ఎక్కువ. “వేడెక్కితే ఇది ఉబ్బి సిలిండరును పట్టేస్తుంది. నడి ఏట్లో లాంచీ ఆగిపోతుంది. తీసుకుపొండి,” అన్నాడు.

అయ్యన్న ముఖం ముడుచుకొని వెళ్ళాడు. తరువాత ఆ పిస్టనునే చెరకు గానుగ ఇంజను ఒకదానికి అంటగట్టాడు. చెరకు రసం మూడో పెనం పొంగకముందే ఆ ఇంజను పట్టేసింది.

రెండవ రోజున తాతబ్బాయి అనే వర్తకుడు వచ్చాడు. ఆయన పిస్టను ఎనిమిది థౌలు తక్కువ తేలింది.

“ఇది సిలిండరులో తాత పన్నులా ఊగుతుందయ్యా,” అన్నాడు నూకయ్య.

“నా పేరు పెట్టి వెక్కిరిస్తున్నారాండీ?”

“పేరు మంచిదే బాబూ. పిస్టనే వదులు. నూనె తాగి పొగ కక్కుతుంది. వరదకు ఎదురు ఈదలేదు.”

మూడవ రోజున ఆదెమ్మ వచ్చింది. భర్త పోయిన తరువాత ఇనుమును తిప్పుతూ చెక్కే ఆయన లేత్ మిషనును తానే నడుపుకుంటున్న మనిషి. పోతపోసిన ముద్దను లేత్ మీద పట్టి, స్వయంగా చేసిన పిస్టనును గోనెగుడ్డలో తెచ్చింది. అది మెరవలేదు. దానికి పెట్టె లేదు.

అప్పటికి ఏరు రెండు మెట్లు మింగింది. రేవంతా జనం. నూకయ్య కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

“మూడు థౌలు ఎక్కువ, చెల్లెమ్మా,” అన్నాడు.

జనంలో ఎవరో నవ్వారు. “ఆడదాని లేత్ అంతే మరి!” అన్నాడు అయ్యన్న. ఆ మాట బజారుకు పాకితే ఇక తనకెవ్వరూ పని ఇవ్వరని ఆదెమ్మకు తెలుసు.

దివానుగారు విసుగుపడ్డారు. “మూడు థౌలంటే ఎంతయ్యా?”

“వెంట్రుక మందమండీ.”

“వెంట్రుకకింత గొడవా! ఆ మూడూ చెక్కి పట్టుకురావమ్మా.”

“చెక్కిన లోహం మళ్ళీ అతకదండీ,” అన్నది ఆదెమ్మ. తరువాత నూకయ్య వైపు తిరిగింది. “అన్నయ్యగారూ, నా మైక్రోమీటరును దాని కడ్డీతో సరిచూసుకొని మరీ వచ్చాను. తమరు తమదాన్ని ఎప్పుడు సరిచూశారండీ?”

“మేస్త్రీగారికే పాఠం చెబుతోందిరోయ్!” అని ఒకరు అరిచారు. నూకయ్యకు చెవులు వేడెక్కాయి. పనిముట్టు పెట్టెను చేతిలోకి తీసుకున్నాడు.

ప్రతి మైక్రోమీటరు పెట్టెలోనూ ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. ఈయన కడ్డీ పొడవు సరిగ్గా నాలుగంగుళాలు. దాన్ని కొలిస్తే పనిముట్టు నాలుగే చూపాలి. కొత్తలో ఆయన రోజూ చూసుకునేవాడు. తరువాత వారానికొకసారి. ఆ తరువాత, “నా చెయ్యి నాకు తెలియదా!” అనుకున్నాడు.

ఆయన షెడ్డులోకి ఒంటరిగా వెళ్ళి, కడ్డీ తుడిచి కొలిచాడు. నాలుగంగుళాల మీద మూడు థౌలు చూపింది. గత నెల ఆ మైక్రోమీటరు చేయి జారి మెట్ల మీద పడిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. తుడిచి పెట్టెలో పెట్టేశాడు, అంతే.

దాన్ని సరిచేయడానికి పెట్టెలో ఉండే చిన్న తాళంచెవి ఒకటి చాలు. తిప్పితే సరి. బయటకు వెళ్ళి, “నూనె అంటుకొని ఎక్కువ చూపింది, ఇప్పుడు సరిగ్గానే ఉంది,” అంటే నలభై ఏళ్ళ పేరు చెక్కుచెదరదు. ఆ తాళంచెవి ఆయన వేళ్ళ నడుమ కొంతసేపు నిలిచింది.

నూకయ్య దాన్ని కింద పెట్టాడు. పనిముట్టునూ కడ్డీనీ ఉన్నవి ఉన్నట్లే బయటకు తెచ్చి, జనం ముందు కొలిచి చూపాడు.

“తప్పు ఆదెమ్మది కాదు, నాది. నా పనిముట్టు మూడు థౌలు అబద్ధమాడింది. ఆమె పిస్టను సరిగ్గా ఉంది. అయ్యన్నగారిది తొమ్మిది కాదు, ఆరు ఎక్కువ. తాతబ్బాయిది ఎనిమిది కాదు, పదకొండు తక్కువ. ఆ రెండూ ఇప్పటికీ పనికిరావు. కానీ నా మాట విని ఆమె చెక్కి ఉంటే, మంచి పిస్టనును నేనే పాడుచేసినవాడినయ్యేవాడిని.”

“ఇక నీ కొలతను నమ్మడమెట్లా నూకయ్యా?” అన్నారు దివానుగారు.

“నమ్మవద్దండీ. ఆదెమ్మ మైక్రోమీటరుతో కూడా కొలిపించండి. రెండూ ఒకటే చెబితే బిగిస్తాను.”

పనిముట్టును అందరి ఎదుటే సరిచేశాడు. ఇద్దరూ కొలిచారు. రెండూ ఒకటే చెప్పాయి. ఆ సాయంకాలానికి రాజహంస డుగుడుగుమన్నది. రెండు రోజులకు వరద గువ్వలంక గట్టు ఎక్కింది. లాంచీ తెల్లవారింది మొదలు పొద్దువాలే వరకు ఎర్రనీటికి ఎదురీదుతూ తిరిగింది. ఇంజను వేడెక్కింది, పట్టేయలేదు, పొగ కక్కలేదు. మూడు వందల గడపలో ఒక్క ప్రాణమూ పోలేదు.

తరువాత అయ్యన్న గానుగ యజమానికి కొత్త ఇంజను ఇచ్చుకొని, పెట్టెల వ్యాపారం మాని బెల్లం వ్యాపారంలో దిగాడు. తాతబ్బాయి ఒక మైక్రోమీటరు కొనుక్కొని, తన సరుకును తానే తిప్పిపంపడం నేర్చుకొని, పెద్ద వర్తకుడయ్యాడు. ఆదెమ్మ సంస్థానం పనులన్నీ చేసింది. ఆమె లేత్ చప్పుడు మరి పాతికేళ్ళు ఆగలేదు. దివానుగారు ఆ తరువాత వెంట్రుకను చిన్నచూపు చూడలేదని సరంగుగారు నవ్వుతూ చెప్పేవారట. వంతెన వచ్చాక రాజహంస ఇసుకలో ఒరిగి, పలక పలకగా విడిపోయింది. నూకయ్య మేస్త్రీ ప్రతి ఉదయం కడ్డీని కొలిచిన తరువాతే పని మొదలుపెట్టి, డెబ్బై ఎనిమిదవ ఏట కన్నుమూశాడు. జనానికి తన మీద నమ్మకం పోతుందని ఆయన భయపడిన ఆ రోజు తరువాతనే, పొరుగు సంస్థానాల వారు కూడా తమ ఇంజన్లను ఆయన వద్దకు తెచ్చారు.

కనుక పిల్లలారా, పెట్టె మీది అంకెను నమ్మక వస్తువును కొలవాలి. వస్తువును తప్పుపట్టే ముందు మన కొలతను కొలుచుకోవాలి.